ఎలుకపాటి మర్యాద

మన దేశంలో ప్రయోగశాలలో తెల్ల ఎలుకకు సూది గుచ్చాలంటే కమిటీ అనుమతి కావాలి. వెటకారం కాదు, చట్టమే అలా ఉంది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం, దాని కింద 1998లో వచ్చిన నిబంధనల ప్రకారం, జంతువుల మీద పరిశోధన చేసే ప్రతి సంస్థా ఒక నైతిక సంఘం వేసుకోవాలి. అందులో శాస్త్రవేత్తలు ఉంటారు, పశువైద్యుడు ఉంటాడు, బయటి సంస్థ వాళ్లూ ఉంటారు. వీళ్లు చాలరని, శాస్త్రంతో సంబంధం లేని, సామాజిక స్పృహ ఉన్న మనిషిని కూడా ఒకరిని కూర్చోబెట్టాలన్నారు. ఎలుక తరఫున అడగడానికి.

ఆ ఎలుక ఉండే గదికీ లెక్కలున్నాయి. ఉష్ణోగ్రత 18 నుంచి 29 డిగ్రీల మధ్య ఉండాలి. గాలిలో తేమ 30 నుంచి 70 శాతం మధ్య ఉండాలి. గదిలో గాలి గంటకు 12 నుంచి 15 సార్లు మారాలి. తాగడానికి తాజా, కలుషితం కాని నీళ్లు ఎల్లవేళలా అందుబాటులో ఉండాలి. మే నెలలో నక్కపల్లి అడ్డరోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డవాళ్లెవరైనా ఈ జాబితా చదివితే ఆ గది అద్దెకు దొరుకుతుందా అని అడుగుతారు.

అందుకని నాదొక మనవి. నిన్నమొన్నటి దాకా నర్సీపట్నం రెవెన్యూ డివిజన్ కింద ఉన్న నక్కపల్లి మండలంలో రాజయ్యపేట, బోయపాడు, పెదతీనార్ల, చందనాడ, చుట్టుపక్కల ఊళ్ల జనాన్ని ప్రయోగశాల ఎలుకలుగా గుర్తిస్తూ ప్రభుత్వం వెంటనే గెజిట్ విడుదల చేయాలి. మత్స్యకారులు తమను ఎస్టీ జాబితాలో చేర్చమని ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నారు. ఎన్నికలప్పుడు ప్రతి పార్టీ సరేనంటుంది, తర్వాత ఫైలు ఢిల్లీలో ఉందంటుంది. ఎలుకల జాబితా అయితే అంత కష్టం కాదనుకుంటాను. అర్హత విషయంలో ఎవరూ అభ్యంతరం చెప్పలేరు. ప్రయోగం ఎలాగూ మొదలైపోయింది.

ప్రయోగం పేరు బల్క్ డ్రగ్ పార్కు. మాత్రలో ఉండే అసలు మందును, అంటే ముడి ఔషధాన్ని, టన్నుల కొద్దీ తయారుచేసే కర్మాగారాల వాడ. 2020లో కేంద్రం ఇలాంటివి దేశంలో మూడు కడతామంది. గుజరాత్‌కొకటి, హిమాచల్ ప్రదేశ్‌కొకటి, మనకొకటి. ఒక్కోదానికి ₹1,000 కోట్ల దాకా సాయం. మనది మొదట కాకినాడ దగ్గర అనుకున్నారు, తర్వాత నక్కపల్లికి తెచ్చారు. 2025 జనవరి 8న ప్రధాని విశాఖపట్నం వచ్చి, అక్కడి వేదిక మీద నుంచే దీనికి శంకుస్థాపన చేశారు. అదే రోజు, అదే వేదిక మీద నుంచి పూడిమడకలో హరిత హైడ్రోజన్ కేంద్రానికీ పునాది వేశారు. ఒకే తీరం మీద, ఒకే మీట నొక్కుడుకు, ఒక పక్క హరితం, ఇంకో పక్క మిగతా రంగులన్నీ.

పార్కు అవసరం లేదని అనను. మన దేశం దిగుమతి చేసుకునే మాత్రల ముడి సరుకులో దాదాపు మూడింట రెండు వంతులు చైనా నుంచి వస్తుంది. పెన్సిలిన్‌కు మూలమైన ముడిమందును చేసే ఫ్యాక్టరీలు ఒకదాని తర్వాత ఒకటి మూతపడి దశాబ్దాలు గడిచాయి. రేపు చైనా తలుపేస్తే మన ఆసుపత్రులు ఏం చేస్తాయన్న భయం కరోనా రోజుల్లో అందరికీ పట్టుకుంది. ఆ భయం న్యాయమైనదే. మందు కావాలి. మందు చేసే చోట తాగేందుకు నీళ్లూ కావాలి అని రెండో మాట ఎత్తితే మాత్రం దేశభక్తి తక్కువైందని చూస్తారు.

తెలుగువాళ్లకు మందుల శాస్త్రం కొత్తదేం కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలకు పరిశోధన సారథిగా ఉండగానే టెట్రాసైక్లిన్ జాతికి మొదటి మందు ఆరియోమైసిన్ దొరికింది. 1948లో అది ప్రపంచం ముందుకొచ్చింది, ఆ ఏడాదే ఆయన పోయాడు. తర్వాత హైదరాబాద్ బాలానగర్‌లో ప్రభుత్వం ఐడీపీఎల్ అనే మందుల కర్మాగారం పెట్టింది. అక్కడ పని నేర్చుకున్నవాళ్లు బయటికొచ్చి కంపెనీలు పెట్టారు. వాళ్లలో ఒకరైన అంజిరెడ్డి 1984లో పెట్టిన కంపెనీ పేరు ఇవాళ ఏ దేశంలో మందుల షాపుకి వెళ్లినా వినిపిస్తుంది. కనిపెట్టే పరిశోధనకి మన దగ్గర లోటు లేదు, సన్మానానికీ లేదు. శాలువా ఉంది, పద్మ పురస్కారం ఉంది, చౌరస్తాలో విగ్రహం ఉంది. కొలిచే పరిశోధన ఒకటుంది, దాని సంగతే వేరు. కర్మాగారం వెనక తూము దగ్గర సీసా పట్టుకుని నిలబడి, ఇందులో ఏముందో చూద్దాం అనేవాడికి శాలువా కప్పిన దాఖలా నాకు కనబడలేదు. ఎవడు పంపాడు నిన్ను అనే ప్రశ్న మాత్రం తప్పకుండా ఎదురవుతుంది.

అలా కొలిచే పని ఒకసారి హైదరాబాద్ శివారు పటాన్‌చెరులో జరిగింది. స్వీడన్‌లో గోటెన్‌బర్గ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లను పరీక్షించింది. ఆ కేంద్రానికి తొంభై దాకా మందుల కంపెనీల మురుగు చేరేది. దాన్ని శుద్ధి చేసి వాగులోకి వదిలేవారు. శుద్ధి చేశాక, మళ్లీ చెబుతున్నాను, శుద్ధి చేశాక, ఆ నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో ప్రచురించారు. సిప్రో మాత్ర మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు. రోజుకు దాదాపు 45 కిలోల మందు ఆ తూములోంచి పోతోందని లెక్కగట్టారు. స్వీడన్ దేశం మొత్తం, తొంభై లక్షల మంది, అయిదు రోజుల్లో వాడే సిప్రో అంత. 500 మిల్లీగ్రాముల మాత్రలుగా మారిస్తే రోజుకు తొంభై వేల మాత్రలు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందుల్లేవని ఎవరైనా గగ్గోలు పెడితే నమ్మకండి. వాగులో పుష్కలంగా ఉన్నాయి, చీటీ కూడా అక్కర్లేదు.

బ్యాక్టీరియాకు ఇంతకన్నా మంచి బడి ఇంకోటి దొరకదు. రోజూ మందులో ఈదుతూ బతికి బట్టకట్టినదే పిల్లల్ని పెడుతుంది. ఆ పిల్లలకు ఆ మందు పనిచేయదు. తట్టుకునే జన్యువు పక్కనున్న వేరే జాతి సూక్ష్మజీవికీ అందుతుంది. అది నీళ్లలోంచి పొలంలోకి, పొలంలోంచి పశువులోకి, ఆసుపత్రి మంచం మీదికీ చేరుతుంది. 2019 ఒక్క ఏడాదిలోనే, మందుకు లొంగని బ్యాక్టీరియా నేరుగా చంపినవాళ్లు ప్రపంచవ్యాప్తంగా 12.7 లక్షల మంది అని 2022లో లాన్సెట్ పత్రికలో అచ్చయిన అధ్యయనం అంచనా వేసింది. సుబ్బారావు లాంటివాళ్లు జీవితాలు ధారపోసి తెచ్చిన మందుల్ని తూము దగ్గర కూర్చుని చెల్లని నాణేలుగా మార్చే పనిలో మనమూ ఒక చెయ్యి వేశామన్నమాట.

ఇలాంటి వార్తలకు మనం ఎలా స్పందిస్తామో తెలుసుకోవాలంటే 2010కి వెళ్లాలి. ఆ ఏడు, అనేక మందుల్ని లెక్కచేయని ఒక ఎంజైమ్ జన్యువు మన దేశంలోనూ బ్రిటన్‌లోనూ రోగుల్లో కనిపించిందని లాన్సెట్ వారి అంటురోగాల పత్రికలో వచ్చింది. దాని పేరులో న్యూఢిల్లీ ఉంది. దేశం అట్టుడికింది. ఆసుపత్రుల్లో ఆ సూక్ష్మజీవి ఎంత ఉందన్నది కాదు గొడవ, మా రాజధాని పేరు ఎందుకు పెట్టారన్నది. వైద్య పర్యాటకానికి దెబ్బ కొట్టే కుట్ర అన్నారు. సూక్ష్మజీవి మాత్రం ఏ వివాదంలోనూ జోక్యం చేసుకోకుండా తన పని తాను చేసుకుపోయింది.

తర్వాత ఒక చిన్న అద్భుతం జరిగింది. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ముసాయిదా నిబంధనలు తెచ్చింది. మందుల కర్మాగారాల మురుగులో ఏ యాంటీబయాటిక్ ఎంతకు మించకూడదో మందు మందుకూ అంకె రాసింది. ప్రపంచంలో ఏ దేశమూ అప్పటికి అంత ధైర్యం చేయలేదు. శాస్త్రం తెలిసినవాళ్లు చప్పట్లు కొట్టారు. 2021 ఆగస్టులో తుది నిబంధనలు వచ్చాయి. మిగతావన్నీ ఉన్నాయి, యాంటీబయాటిక్‌ల పట్టిక లేదు. ఎక్కడికి పోయిందో మరి, వాగులో కొట్టుకుపోయి ఉంటుంది. 2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇదే విషయం మీద మార్గదర్శకాలు విడుదల చేసింది. అంటే మనం చెరిపేసిన పాఠాన్ని జెనీవాలో కొత్తగా రాసుకున్నారు.

పటాన్‌చెరులో డాక్టర్ ఎ. కిషన్ రావు లాంటివాళ్లు కాలుష్యం మీద దశాబ్దాల పాటు పోరాడారు. 1990లో సుప్రీంకోర్టుకెక్కిన కేసు హైకోర్టుకు, అక్కడి నుంచి హరిత ట్రిబ్యునల్‌కు తిరిగింది. ఈలోగా ప్రభుత్వం ఒక పరిష్కారం కనిపెట్టింది. 18 కిలోమీటర్ల గొట్టం వేసి పటాన్‌చెరు మురుగును హైదరాబాద్ అంబర్‌పేట దాకా తీసుకెళ్లి, అక్కడి మురుగునీటి కేంద్రం మీదుగా మూసీలో కలపడం. పటాన్‌చెరు దగ్గరి నక్కవాగుకు వచ్చిన జబ్బును మూసీకి బదిలీ చేశారు. ప్రభుత్వోద్యోగిలాగా కాలుష్యానికీ బదిలీలే తప్ప తొలగింపులుండవు.

శాస్త్ర ప్రపంచాన్ని ఇప్పుడొక బెంగ పీడిస్తోంది. ఒక ప్రయోగశాలలో వచ్చిన ఫలితం ఇంకో చోట చేస్తే రావడం లేదట. మనస్తత్వ శాస్త్రంలో, క్యాన్సర్ పరిశోధనల్లో పేరున్న అధ్యయనాలు కూడా రెండోసారికి తేలిపోతున్నాయట. వాళ్లంతా ఒకసారి మన రాష్ట్రాలకు రావాలి. పటాన్‌చెరులో చేశాం, వాగు పోయింది. పరవాడలో ఫార్మా సిటీ పెట్టాం, వాసన గురించి అక్కడి ఊళ్లనడగండి. అచ్యుతాపురంలో 2024 ఆగస్టు 21న ఒక మందుల కంపెనీలో ద్రావకం ఆవిరి అంటుకుని 17 మంది పోయారు. పాశమైలారంలో 2025 జూన్ 30న మాత్రల్లో కలిపే పొడి తయారుచేసే చోట పేలుడు జరిగితే చనిపోయినవాళ్లు నలభై దాటారు. పోయినవాళ్లు ఎక్కువగా పొట్ట చేతబట్టుకుని వచ్చిన కూలీలు, కొత్తగా కొలువులో చేరిన కుర్రాళ్లు. ప్రతిసారీ విచారణ కమిటీ, ప్రతిసారీ పరిహారం, ప్రతిసారీ ఇలాంటివి పునరావృతం కానివ్వబోమన్న ప్రకటన. ఆ ప్రకటన కూడా అక్షరం పొల్లుపోకుండా పునరావృతమవుతుంది. శాస్త్రంలో ఇంతటి నిలకడ ఎక్కడా లేదు.

మరి నక్కపల్లిలో ఏం తేలుతుందో చూద్దామని ఎదురుచూడటం దేనికి?

అలా అంటే అధికారులు నొచ్చుకుంటారు. పర్యావరణ ప్రభావ మదింపు నివేదిక ఉంది కదా, మొత్తం శాస్త్రీయంగా చేశాం కదా అంటారు. ఉంది. ప్రాజెక్టు చుట్టూ పది కిలోమీటర్ల మేర, వానాకాలం వదిలేసి ఒక్క ఋతువు, అంటే మూడు నెలల పాటు గాలి, నీరు, మట్టి కొలిచి, దాని మీద ముప్పై ఏళ్ల భవిష్యత్తు చెప్పేస్తారు. పంచాంగకర్త కనీసం పన్నెండు నెలలు చూస్తాడు. కొలిచేది కన్సల్టెంటు, కన్సల్టెంటుకు డబ్బులిచ్చేది ప్రాజెక్టు యజమాని. ఇక పదిలక్షల్లో ఒకరికైనా హాని జరగొచ్చని ఆయన రాస్తాడని మీరనుకుంటే మీది పసిమనసు. రత్నగిరిలో ఒక బాక్సైట్ గని నివేదికను రష్యాలోని గని నివేదికలోంచి ఎత్తిరాశారని వెనకటికి బయటపడింది. కొంకణ తీరంలో స్ప్రూస్ చెట్లు, బర్చ్ చెట్లు, వాటి మీద వాలే పక్షులు. ఏ చలికాలం తీరిక దొరికితే మామిడితోటల రైతులు పోయి వాటిని వెతుక్కుని ఉంటారు.

నివేదిక తర్వాత ప్రజాభిప్రాయ సేకరణ ఉంటుంది. అదొక్కటే జనం నోరు తెరవగలిగే చోటు. ఇందులో ఒక సొగసైన కిటుకుంది. 2006 నోటిఫికేషన్ ప్రకారం, పర్యావరణ అనుమతి పొందిన పారిశ్రామిక పార్కు లోపల వచ్చే కర్మాగారాలకు విడివిడిగా ప్రజల్ని అడగనక్కర్లేదు. పార్కుకి ఒకసారి అడిగితే చాలు. ఏ కంపెనీ వస్తుందో, ఏ మందు చేస్తుందో, ఏ ద్రావకం వాడుతుందో తెలియకముందే మీరు అభిప్రాయం చెప్పేయాలి. అది తెలిసే నాటికి చెప్పడానికి చోటుండదు. కరోనా వచ్చినప్పుడు ఇంకో అడుగు వేశారు. 2020 మార్చి 27న, లాక్‌డౌన్ మొదలైన మూడో రోజు, మహమ్మారికి అవసరమైన ముడిమందుల ప్రాజెక్టులను మదింపు నివేదిక, ప్రజాభిప్రాయం అక్కర్లేని తరగతిలోకి కొన్నాళ్లపాటు మార్చారు. దేశమంతా ఇళ్లలో తలుపులు వేసుకున్న వేళ ఆ తలుపు మాత్రం బార్లా తెరిచారు.

ఇది చూసినప్పుడు నాకు భద్రాచలం గుర్తొస్తుంది. 2009లో ఆ ప్రాంతంలో, అప్పటి ఖమ్మం జిల్లాలో, గిరిజన ఆశ్రమ పాఠశాలల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసే అధ్యయనం జరిగింది. టీకా పనికొచ్చేదే, ఇవాళ ప్రపంచమంతా వాడుతోంది. గోల వచ్చింది సమ్మతి పత్రాల మీద. తల్లిదండ్రుల బదులు చాలా చోట్ల హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టేశారు. 2010లో అధ్యయనం ఆపారు, 2013లో పార్లమెంటరీ సంఘం కడిగేసింది. ఆ తర్వాత నిబంధనలు బిగిశాయి. 2019 నాటి క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం మనిషి మీద కొత్త మందు ప్రయత్నించాలంటే అతనికి అర్థమయ్యే భాషలో చెప్పాలి, రాతపూర్వక సమ్మతి తీసుకోవాలి. ఎప్పుడైనా వద్దని వెళ్లిపోయే హక్కు ఉండాలి. హాని జరిగితే ప్రయోగం చేసినవాడే వైద్యం చేయించి పరిహారం కట్టాలి. చదువు లేని, దిక్కు లేని మనిషైతే సమ్మతిని వీడియో తీయాలి. మరి అదే మందు తాలూకు మురుగును ఆ మనిషి ఊరి చేపల మీదికి వదిలితే? అప్పుడు నిబంధనలు వేరు. అప్పుడు ఊరికంతటికీ వార్డెన్ ఒకరే, ఆయన సంతకం ఎప్పుడో పెట్టేశాడు.

వద్దని వెళ్లిపోయే హక్కు రాజయ్యపేటవాళ్లు వాడుకోబోయారు. వాళ్లకు ఈ పోరు మొదటిసారేం కాదు. ఇప్పటికే అక్కడున్న ఒక మందుల కర్మాగారం గొట్టం సముద్రంలోకి వేస్తోందని 2021 చివర్లోనే శిబిరం వేసుకుని కూర్చున్నారు. చుక్క మురుగు బయటికి రానివ్వమని కంపెనీలన్నీ చెబుతుంటాయి. మరి రాని చుక్కకు గొట్టం ఎందుకని జాలరివాళ్ల ప్రశ్న. దీనికి జవాబు చెప్పగల రసాయన శాస్త్రవేత్త ఇంకా పుట్టలేదు. 2025 సెప్టెంబరులో మళ్లీ కూర్చున్నారు, ఈసారి పార్కు వద్దని. అక్టోబరులో వేల మంది జాతీయ రహదారి మీదికొచ్చారు. చెన్నై-కోల్‌కతా లారీలన్నీ ఆగిపోయాయి. అప్పుడు గానీ రాజయ్యపేట అనే ఊరు ఒకటుందని లోకానికి తెలియలేదు. రాష్ట్ర హోంమంత్రి సొంత నియోజకవర్గం కావడం వల్ల ఒక సౌకర్యం ఉంది, పోలీసులకు కొరత రాదు. ఎలుకల విషయంలో నైతిక సంఘం సమావేశమవుతుంది. ఊళ్ల విషయంలో బందోబస్తు సమావేశమవుతుంది. హాజరు రెండోదానికే ఎక్కువ.

ఉద్యోగాలొస్తాయి కదా అంటారు. వస్తాయి. వల వేసేవాడి కొడుక్కి రియాక్టర్ దగ్గర ఉద్యోగమిస్తారని ఎవరైనా రాసిచ్చారా? గేటు దగ్గర కాపలా, లోపల గచ్చు కడగడం, రోజు కూలికి డ్రమ్ములెత్తడం ఇస్తారు. నెత్తళ్లు, చందువ, కోనం పడే నీళ్లలో తాత నుంచి మనవడికొచ్చిన విద్యకు ఇంటర్వ్యూలో మార్కులుండవు. పక్కనే ఉక్కు కర్మాగారం కూడా వస్తుందట, దానికో రేవు కూడా వస్తుందట. విశాఖపట్నం-కాకినాడ పెట్రో కారిడార్ అని 2009 నుంచి 640 చదరపు కిలోమీటర్ల గీత ఎలాగూ గీసి ఉంది. తీరంలో ఇక మిగిలేది ఉపమాక వెంకన్న కొండొకటి. దానికి తిరుమల తిరుపతి దేవస్థానం అండ ఉంది కాబట్టి బతికిపోయింది.

ఇక నా దరఖాస్తు. ఈ ఊళ్ల జనాన్ని ఎలుకలుగా గుర్తించిన వెంటనే కింది మర్యాదలు వర్తింపజేయాలి. పార్కు మీద ఒక నైతిక సంఘం వేయాలి. అందులో శాస్త్రంతో సంబంధం లేని, సామాజిక స్పృహ ఉన్న సభ్యుడి కుర్చీకి రాజయ్యపేట నుంచి ఎవరినైనా తీసుకోవచ్చు. మురుగులో ఏ మందు ఎంత ఉందో నెలనెలా కొలిచి, పంచాయతీ గోడ మీద తెలుగులో రాయాలి. కొలిచేవాడికి కంపెనీ డబ్బులివ్వకూడదు. కావాలంటే ఆ స్వీడన్ ఆయన్నే పిలిపించండి, దారి ఖర్చులకు చందాలు వేసుకుంటారు. 2020 ముసాయిదాలోంచి ఊడిపోయిన పట్టిక ఎక్కడుందో వెతికించి మళ్లీ అతికించాలి. ప్రయోగాల్లో వాడిన కుక్కలు, గుర్రాల వంటి జంతువులకు ప్రయోగం అయ్యాక సంరక్షణ, పునరావాసం ఖర్చును ముందే పరిశోధన బడ్జెట్‌లో చూపించాలని నియమం ఉంది. ఆ పద్దు ఈ ప్రాజెక్టు కాగితాల్లో కూడా ముందే చూపించాలి. భూమి పోయినవాడికే కాదు, సముద్రం పోయినవాడికి కూడా. సముద్రానికి పట్టా పాసుపుస్తకం ఉండదన్న కారణం చెల్లదు, గుర్రానికీ ఉండదు.

అన్నీ ఒకేసారి కుదరవని మాకూ తెలుసు, బడ్జెట్ ఇబ్బందులుంటాయి. ఉష్ణోగ్రత సంగతి తర్వాత చూద్దాం, గాలి గంటకు పన్నెండు సార్లు మారకపోయినా సర్దుకుంటారు. నీళ్లతో మొదలుపెట్టండి.